రిమార్కుల గడిలో ఇటుకకోడి

చెరువు నీటి రంగు కూడా రాసుకోవలసి వస్తుందని నేను ఉద్యోగంలో చేరిన రోజున ఎవరూ చెప్పలేదు. నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా నా పని చెరువుల నీటిమట్టం నమోదు చేయడం. తూము పక్కన గేజి రాతి మీద అడుగులు, అంగుళాలు చెక్కి ఉంటాయి. ఉదయం ఏడింటికి వెళ్లి, నీరు ఏ గీతను తాకుతున్నదో చూసి రిజిస్టరులో ఎక్కించాలి. తేదీ, మట్టం, వాన, తూము తెరిచారా మూశారా, చివరన రిమార్కులు. రిమార్కుల గడి విషయంలో మా పై అధికారి మొదటి వారమే నాకొక నియమం చెప్పాడు. మామూలుగా ఉన్నదాన్ని అక్కడ రాయకూడదు. కట్ట మీద గడ్డి పచ్చగా ఉందని, కొంగలు వాలాయని రాస్తే అది రిజిస్టరు కాదు, చుట్టాలకు రాసే ఉత్తరమవుతుంది. కట్టకు గండి పడడం, అలుగు పారడం, తూము తలుపు విరగడం వంటివి మాత్రమే రాయాలి, అవీ ఎర్ర సిరాతో. ఆ నియమాన్ని ఉద్యోగమంతా, ఆ తర్వాత కూడా, అక్షరం తప్పకుండా పాటించాను. అలా పాటించినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కర్దనూర్ దాటాక వస్తుంది మా ఊరు. మా చెరువులోకి పటాన్‌చెరు వైపు నుంచి ఒక వాగు వచ్చి కలుస్తుంది. ఆ వాగుకు ఎగువన ఫ్యాక్టరీలు ఉన్నాయి. నేను మా చెరువు గేజి చూడడం మొదలుపెట్టిన కొన్నేళ్లకు నీటి మీద నురుగు తేలడం మొదలైంది. మొదట సబ్బు నురుగులా తెల్లగా ఉండేది. తర్వాత దానికి పసుపు జీర వచ్చింది. ఆ తర్వాత ఒక ఉదయం గేజి రాతి మీద అంకెలు కనిపించక, కర్రతో నురుగు పక్కకు నెట్టి మట్టం చదవవలసి వచ్చింది. కర్రకు అంటినది రెండు రోజుల దాకా పోలేదు. దాని వాసన కుళ్లిన ఉల్లిగడ్డలో స్పిరిటు పోసినట్టు ఉండేది. ఇది అసాధారణమే కనుక ఎర్ర సిరాతో రాశాను. మరునాడూ రాశాను. రంగు మారినప్పుడల్లా మారిన రంగు రాశాను: టీ డికాక్షన్, బెల్లం పాకం, కుంకుమ కలిపిన నీళ్లు. ఏడాది తిరిగేసరికి పై అధికారి రిజిస్టరు తెరిచి, ఆ పేజీలన్నీ చూసి, "రోజూ ఇదే రాస్తున్నవ్. రోజూ ఉండేది రిమార్కు ఎట్లయితది?" అన్నాడు. రిజిస్టరులో ఆపేశాను. అదే రోజు సంగారెడ్డి బజారులో అట్ట కట్టిన నోటుపుస్తకం ఒకటి కొని, అదే గడులు గీసి, నీటి రంగుకు ఒకటి కలిపి, ఇంట్లో రాసుకోవడం మొదలుపెట్టాను. పదవీ విరమణ చేశాక కూడా ఉదయం ఏడింటికి కట్ట మీదకు పోవడం మానలేదు. ఆ పుస్తకాలు ఇప్పటికి ముప్పయి ఒకటి నిండాయి. ఎక్కడ రాసుకున్నా రిమార్కుల నియమం మాత్రం ఆఫీసుదే.

ఒక కొత్త పిట్ట నా పుస్తకాల్లోకి వచ్చింది మూడో పుస్తకంలో. చెరువు తూము తెరిచి, మూసి, ఆయకట్టు పొలాలకు నీళ్లు పంచే మనిషిని మా దగ్గర నీరటి అంటారు. తండ్రి నుంచి కొడుకుకు వచ్చే పని అది. మా నీరటి నాకంటే రెండేళ్లు పెద్దవాడు. తూము కిందనే అతనికి ఎకరం పొలం ఉంది. ఆ ఉదయం మేమిద్దరం తూము గట్టు మీద నిలబడి ఉన్నాం. వాగు వచ్చి చెరువులో కలిసే చోట జమ్ము గడ్డి మొదళ్లలో ఏదో కదిలింది.

"అన్నా, గదేంది?" అన్నాను.

"ఏది?"

"గా జమ్ము మొదట్ల. రొమ్ము ఎర్రగున్నది సూడు."

అతను కళ్లు చిట్లించి చూశాడు. "ఇటుక రంగున్నది. ఇటుకకోడి" అని, ఇక మాట్లాడేదేమీ లేదన్నట్టు గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు.

నేను రాసుకున్నది ఇది: కోడికంటే చిన్నది, కోడిపిల్లకంటే పెద్దది. వీపు పలక రంగు. గొంతు నుంచి పొట్ట దాకా పాత ఇటుక రంగు. తోకను మాటిమాటికీ పైకి ఎగరేస్తూ నడుస్తుంది. మనిషి అలికిడికి జమ్ములోకి దూరుతుంది. బొల్లికోడి కాదు. చివరి వాక్యం కింద రెండు గీతలు గీసి మరీ రాశాను. ఎందుకంటే బొల్లికోడి మా ఊళ్లో అందరికీ తెలుసు. ముఖమూ రొమ్మూ గోడకు సున్నం వేసినంత తెల్లగా ఉంటాయి. వానకాలంలో తెల్లవారకముందే జమ్ములోంచి 'కొర్రు కొర్రు' మని మొదలుపెడితే ఊరంతా లేవవలసిందే. ఇది దాని ఆకారంలోనే ఉన్నా రంగు వేరు కనుక జాతి వేరు. అంతకంటే తేటగా ఆలోచించగల మనిషి మా మండలంలో లేడని ఆనాడు నా నమ్మకం.

తర్వాతి సంవత్సరాల్లో దాన్ని మరి పది సార్లు చూశాను. మొత్తం పదకొండు. ప్రతిసారీ ఎర్ర సిరా. మూడు సార్లు రాలిన ఈకలు దొరికాయి. తుమ్మ జిగురుతో కాగితం పట్టీ అంటించి పేజీకి కట్టాను. పిట్టల గురించి చదువుకున్న ఇద్దరు పెద్దలకు ఉత్తరాలు రాశాను. ఒకరు, ఒక్క మనిషి చూసినదాన్ని, చేతిలో పిట్ట లేకుండా, కొత్త జాతిగా ఒప్పుకోవడం సాధ్యం కాదని, దాని చెల్లుబాటు సందేహాస్పదమని జవాబిచ్చారు. రెండో వారు మర్యాదస్తులు. అటువంటిదొకటి ఉండి ఉంటే, ఇంతకాలం ఎవరికీ కనిపించలేదంటే, ఈసరికి అంతరించిపోయి ఉండవచ్చని రాశారు. లేనేలేదని ఒకరు, ఉండి పోయిందని ఒకరు. రెండు ఉత్తరాలనూ పుస్తకంలో అంటించాను. పదకొండోసారి తర్వాత ఆ పిట్ట మళ్లీ కనిపించలేదు. తొమ్మిదేళ్లు గడిచాయి. నా మనసులో అది అంతరించిన జాతి అయింది, దాన్ని చూసిన మనిషిని నేనయ్యాను. ఈ గర్వాన్ని నేను దాచిపెట్టడం లేదు. తర్వాత జరిగినదంతా దానివల్లే జరిగింది.

రెండేళ్ల కిందట వాగు ఒడ్డున ఉన్న ఒక ఫ్యాక్టరీ తన యూనిట్లు పెంచడానికి దరఖాస్తు చేసింది. దాని మురుగు పోయే కొత్త కాలువ తూము పక్క నుంచి, సరిగ్గా నీరటి ఎకరం మీదుగా గీసి ఉంది. దరఖాస్తు మీద ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి గనుక, దానికి ముందు పర్యావరణ నివేదిక ముసాయిదాను పంచాయతీ ఆఫీసులో పెట్టారు. నేను మూడు రోజులు వెళ్లి కూర్చుని మొత్తం చదివాను. మా చెరువు నీరు 'స్వల్ప రంగుతో, ఆక్షేపణీయ వాసన లేకుండా' ఉన్నదట. పక్షుల జాబితాలో ఉప్పునీటి మడ అడవుల్లో తప్ప బతకని కొంగ ఒకటి ఉంది. సంగారెడ్డి జిల్లాలో సముద్రం ఎక్కడుందో నాకు తెలియదు. ఏదో కోస్తా ఫ్యాక్టరీ కోసం రాసిన జాబితాను ఊరి పేరు మార్చి ఇక్కడ అతికించారు. ఇందులో పనిచేసిన మనిషి ఎవరూ మా కట్ట ఎక్కలేదు. ఎక్కి ఉంటే ముక్కు మూసుకోకుండా దిగేవాడు కాదు.

ఆ జాబితాలో ఇటుకకోడి లేదు. నేను పదకొండు తేదీలతో అభ్యంతర పత్రం రాసి, ఈ చెరువుకు మాత్రమే చెందిన, బహుశా అంతరించిపోయిన పక్షిని విస్మరించి ఇచ్చే అనుమతి చెల్లదని పంపాను. పంచాయతీ కార్యదర్శి ఆ పత్రం చదివి సంతోషపడిపోయాడు. "సార్, గీ పిట్ట ఒక్కటి నిలబడ్డదంటే కాలువ ఆగినట్టే. మళ్ల కొత్తగ సర్వే చెయ్యాలె. రెండేండ్లు పడుతది" అన్నాడు. నీరటి ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, ఎప్పుడూ గడప దాటి లోపలికి రాని మనిషి కుర్చీలో కూర్చుని, నా చేత ఆ పదకొండు తేదీలూ చదివించుకున్నాడు.

పది రోజులకు నివేదిక తయారు చేసిన సంస్థ ఒక అమ్మాయిని పంపింది. పక్షుల సర్వేలు చేసే ఉద్యోగి. పాతికేళ్లు దాటి ఉండవు. మెడలో బైనాక్యులర్, కాళ్లకు మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. అబద్ధాలు రాసే సంస్థ నుంచి వచ్చింది కనుక ఆమెతో కటువుగా మాట్లాడాలని ముందే నిర్ణయించుకున్నాను. నీరటిని తోడు తీసుకుని ముగ్గురం కట్ట మీదకు పోయాం. ఒక వైపు కొల్లూరులోని రెండు పడక గదుల ఇళ్ల టవర్లు, ఇంకో వైపు ఫ్యాక్టరీ ప్రహరీ. ప్రహరీ గేటు దగ్గర ఉత్తరాది కాపలాదారు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అతనికి నేను తెలుసు.

"చాచా, రోజ్ క్యా దేఖ్‌తే హో ఇధర్? పానీ మే సోనా హై క్యా?" అని నవ్వాడు.

"నీళ్లల్ల బంగారం ఉంటే నీ సేటు ఎప్పుడో ఎత్తుకపోయేటోడు" అన్నాడు నీరటి.

వాగు కలిసే చోట ఆ రోజు నీరు బీట్‌రూట్ ఉడికించి పారబోసినట్టు ఉంది. ఒడ్డు రాళ్ల మీద గోరుతో గీరితే ఊడి వచ్చే మందపు పొర. అందులో ఒక చచ్చిన కప్ప అంటుకుపోయి ఉంది. దాని పొట్ట కూడా అదే రంగు. అమ్మాయి ఆ కప్పను పుల్లతో తిప్పి చాలాసేపు చూసింది.

"సార్, మీరు పిట్టను చూసిన పదకొండు సార్లూ ఎక్కడ చూసిన్రు?" అని అడిగింది.

"ఇక్కడనే. వాగు మొఖం దగ్గర."

"చెరువు ఆ పక్కన ఎప్పుడన్న?"

"లేదు. అన్నీ ఇక్కడనే." ఆ మాట అంటున్నప్పుడు కూడా అదొక విశేషంగానే చెప్పాను. నివాస స్థలం ఇంత కచ్చితంగా ఉన్న పక్షి అన్నట్టు.

"ఆ రోజుల్ల నీళ్లు ఏ రంగు ఉన్నయో రాసిన్రా?"

రాయకుండా ఎలా ఉంటాను? ఇంటికి వచ్చాం. పుస్తకాలు దించాను. నా భార్య మంచినీళ్లు తెచ్చి, బల్ల మీద పరిచిన పుస్తకాలు చూసి, "తాగు బిడ్డా. ఇవి బోరు నీళ్లు కావు, క్యాను నీళ్లే. ఈయన పుస్తకాల వాసనకు భయపడకు, నేను ముప్పయ్యేండ్లసంది పీలుస్తున్న" అంది. అమ్మాయి నవ్వలేదు. ఒక్కొక్క తేదీ తీసి, పక్క గడిలో నీటి రంగు చూస్తున్నది. కుంకుమ నీళ్లు. ఎరుపు. ఎరుపు. ఇటుక. ఎరుపు. పదకొండింటికి పదకొండు. చివరి తేదీ తర్వాత నాలుగు నెలలకు నా చేతిరాతలోనే ఉంది: ఎగువన రంగుల ఫ్యాక్టరీ మూతపడినది, నీరు నలుపు. ఆ తర్వాత ఇటుకకోడి లేదు. పిట్ట రాసిన గడీ, రంగు గడీ ప్రతి పేజీలోనూ నాలుగు వేళ్ల ఎడంలోనే ఉన్నాయి. ఇన్నేళ్లలో నేను వాటిని కలిపి చదవలేదు.

ఆమె మెల్లగా అడిగింది. "సార్, ఈకలను జెర కడిగి చూడొచ్చా?"

నాకు కోపం వచ్చింది. "అవి సాక్ష్యాలు. కడిగితే ఏం మిగులుతయి?" అన్నాను.

"జాతి రంగయితే పోదు సార్. మిగులుతది."

నా భార్య వంటింట్లోంచి తెల్ల పింగాణీ గిన్నె తెచ్చింది. అమ్మాయి సంచిలోంచి చేతులు శుభ్రం చేసుకునే సీసా తీసి గిన్నెలో స్పిరిటు పోసింది. మొదటి ఈకను జిగురు నుంచి విడదీసి అందులో వదిలింది. పది లెక్క పెట్టేంత సేపు కూడా పట్టలేదు. ఈక అంచు నుంచి సన్నని ఎర్ర పోగు ఒకటి బయటికి వచ్చి, గిన్నె అడుగున పరుచుకుంది. పుల్లతో కదిపింది. గిన్నె అంతా గులాబి రంగైంది. ఈకను పైకి తీసి దూది మీద పెట్టింది. తెల్లగా ఉంది. రెండోదీ అంతే. గిన్నెలోంచి లేచిన వాసనను నేను కళ్లు మూసుకుని కూడా గుర్తుపట్టగలను. గేజి రాతి మీద నుంచి కర్రతో నెట్టిన వాసన అది. దాన్ని పద్దెనిమిదేళ్లు పుస్తకంలో జిగురు పెట్టి దాచుకున్నాను.

మూడో ఈక రంగు పోలేదు. గిన్నె కడిగి మళ్లీ పోసిన స్పిరిటులో ఐదు నిమిషాలు నానినా, పుల్లతో రుద్దినా, చుక్క రంగు కూడా దిగలేదు. ఇటుక రంగు ఇటుక రంగే. అమ్మాయి దాన్ని వెలుతురుకు పట్టుకుని, ఫోనులో బొమ్మలతో పోల్చి, తల అడ్డంగా ఊపింది. "ఇది నాకు తెలుస్తలేదు సార్. రొమ్ము ఈకయితే మాత్రం ఇది వేరే విషయం. దీన్ని ల్యాబుకు పంపాల్సి వస్తది. పంపితే మీ అభ్యంతరం నిలబడుతది" అంది.

కార్యదర్శి చెప్పిన రెండేళ్లు కళ్ల ముందు కనిపించాయి. అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడిన నీరటి ముందుకు వచ్చి, ఈకను అరచేతిలో వేసుకుని, వేలితో ఒక్కసారి నిమిరాడు.

"ఇది రొమ్ముది కాదమ్మా" అన్నాడు. "తోక కిందిది. బొల్లికోడికి తోక కింద ఎప్పటికి గిదే రంగుంటది. ఎన్ని పీకి వండలేదు నేను."

అమ్మాయి ఫోనులో బొల్లికోడి బొమ్మ తీసి, వెనక నుంచి చూపే బొమ్మ వెతికి, బల్ల మీద పెట్టింది. తోక కింద ఇటుక రంగు. చిన్నప్పటి నుంచి చూసిన పిట్టకు వెనక ఏ రంగుందో నేను ఎన్నడూ గమనించలేదు.

"మరి ఇన్నేండ్లు చెప్పకపోతివి?" అన్నాను. గొంతులో కోపం దాచుకోలేకపోయాను.

"మీరెప్పుడు అడిగిన్రు సారు? పెద్ద చదువు చదివినోళ్లు రాస్తున్నరు గదా, నాకు తెల్వని సంగతేదో ఉంటది అనుకున్న. మొన్న మీరు తేదీలు చదువుతుంటే గూడ, ఉంటే బాగుండు అనే అనుకున్న."

"నీ పొలం పోతది తెలుసా?"

"తెలుసు. పోతదని తోకను రొమ్మనాల్నా?"

ఈ మాట నా పుస్తకంలో ఉంది. ఎర్ర సిరాతో రాయలేదు.

పోయే ముందు అమ్మాయి ఇంకొక ప్రశ్న అడిగింది. అది ఆమె ఉద్యోగంలో భాగం. "సరే సార్, అవన్నీ రంగు అంటిన బొల్లికోళ్లు. మామూలు బొల్లికోడి చివరిసారి ఎప్పుడు కనబడ్డది? మీ దగ్గరికి రాకముందు నేను మూడు రోజులు తిరిగిన. ఒక్కటి గూడ కనబడలేదు, ఒక్క అరుపు గూడ వినబడలేదు. జాబితాలో మాత్రం 'సాధారణంగా కనిపించును' అని ఉన్నది."

నేను పుస్తకం తెరిచాను. తర్వాత ఇంకొకటి. ఆమె వెళ్లాక కూడా తెరుస్తూనే ఉన్నాను. మరునాడు, ఆ మరునాడు. ముప్పయి ఒక్క పుస్తకాల్లో బొల్లికోడి అన్న మాట ఒక్కసారే ఉంది: 'బొల్లికోడి కాదు' అని. మామూలుగా ఉన్నది రాయకూడదు గదా. అది రోజూ ఉండేది గనుక రాయలేదు. ఏ రోజు నుంచి లేదో అది కూడా రాయలేదు, ఎందుకంటే అది లేకుండా పోయిందని నేను గమనించనేలేదు. రంగు పులిమిన పిట్ట కోసం జమ్ము మొదళ్లు వెతుకుతున్న ఆ సంవత్సరాల్లోనే ఎప్పుడో, నా ముక్కు ముందే, చివరి బొల్లికోడి చచ్చి ఉంటుంది. దాని తేదీ నా దగ్గర లేదు. అధికారుల మీద, కన్సల్టెంట్ల మీద ఇన్నేళ్లు ఉమ్మిన ఉమ్ము అంతా ఆ మూడు రోజులు నా నోట్లోనే ఉన్నట్టు అనిపించింది. నా భార్యను అడిగాను. ఆమె, "కరోనా ముందటి వానకాలంల గూడ అరవలేదు. అంతకుముందు తెల్వదు. నిద్ర పడుతుంటే ఎవరు లెక్క పెడుతరయ్యా" అంది.

ప్రజాభిప్రాయ సేకరణ బడి మైదానంలో జరిగింది. షామియానా, ఎర్ర తివాచీ, ప్రతి కుర్చీ ముందు సీలు వేసిన నీళ్ల సీసా. చెరువు నీటి గురించి మాట్లాడుకునే సభలో ఒక్కరు కూడా ఆ ఊరి నీళ్లు తాగడానికి సిద్ధంగా లేరు. వెనక బిర్యానీ పొట్లాల డబ్బాలు దించుతున్నారు. వాటి వాసనలో గాలివాటున వచ్చే వాగు వాసన కలిసింది. కార్యదర్శి నా చెవి దగ్గర, "సార్, ఈకల ముచ్చట ఎవరికీ తెల్వదు. మీ పాత అభ్యంతరమే చదవండి, సాలు" అన్నాడు. మంచి కోసమే అన్నాడు. నీరటి నాలుగో వరుసలో కూర్చుని నా వైపు చూడకుండా నేల చూస్తున్నాడు. నేను తప్పు చదివితే అతని పొలం నిలుస్తుంది. చదవకపోతే పోతుంది. ఒప్పు చదవమని అతను నాకు చెప్పలేదు, తప్పు చదవమనీ చెప్పలేదు. అతను చెప్పవలసింది గిన్నె దగ్గరే చెప్పేశాడు.

నా వంతు వచ్చింది. సభ నడుపుతున్న అధికారి గడియారం చూసుకుంటూ, "రెండు నిమిషాలు పెద్దాయనా. జాబితాలో ఏం చేర్చమంటరు?" అన్నాడు.

"ఏం చేర్చమంటలేను. ఒకటి తీసెయ్యుమంటున్న."

వెనక ఎవరో, "సారు పిట్టను గూడ ఎల్లగొడుతుండు" అన్నారు. నవ్వులు. నేను నవ్వులు ఆగేదాకా ఆగి, నా మొదటి అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటున్నానని, ఇటుకకోడి అనే జాతి లేదని, నేను చూసినవి రంగు నీటిలో తడిసిన బొల్లికోళ్లని చెప్పాను. ఆ బొల్లికోడి కూడా ఇప్పుడు ఈ చెరువులో లేదని, 'సాధారణంగా కనిపించును' అన్న వాక్యం అబద్ధమని, దాన్ని కొట్టివేసి, పోయినది మామూలు పిట్ట అని రాయాలని చెప్పాను.

"బొల్లికోడి ఎక్కడైనా ఉంటదండి. మా క్వార్టర్ల వెనక గూడ తిరుగుతయ్" అన్నాడు అధికారి.

"మీ క్వార్టర్ల సంగతి నాకు తెల్వదు. ఇక్కడ లేదు."

"ఎప్పటిసంది లేదు? తేదీ ఉన్నదా?"

లేదని చెప్పాను. నా జీవితంలో తేదీ లేదని చెప్పింది అదొక్కసారే. ఆయన పక్కన ఉన్న గుమాస్తా ఏదో రాసుకున్నాడు. తర్వాతి మనిషిని పిలిచారు. నాలుగో వరుసలో నీరటి పక్క కుర్చీలోకి వచ్చి కూర్చుంటుంటే అతను నా ముందున్న నీళ్ల సీసా మూత తీసి నాకు అందించాడు. ఇద్దరం బిర్యానీకి ఆగకుండా ఇంటిదారి పట్టాం.

మూడు నెలలకు తుది నివేదిక ప్రతి వచ్చింది. బొల్లికోడి ఎక్కడికీ పోలేదు. జాబితాలో అదే చోట, అదే మాటతో ఉంది. మడ అడవుల కొంగ కూడా ఉంది. కింద కొత్తగా రెండు వాక్యాలు చేరాయి: 'స్థానిక విశ్రాంత ఉద్యోగి దీర్ఘకాలిక రికార్డుల ప్రకారం ఈ జలాశయంలో బొల్లికోడి అనేకసార్లు నమోదైనది. ఇటుకకోడిగా పేర్కొన్న పక్షి బొల్లికోడియేనని వారు స్వయంగా ధ్రువీకరించినారు.' రంగు మాట లేదు. లేదన్న మాట లేదు. నా పదకొండు తేదీలూ వరుసగా, ఒక్క పొరపాటు లేకుండా, పట్టికలో అచ్చయ్యాయి. ముప్పయ్యేళ్లు నేను రాసినది ఎవరికైనా ఉపయోగపడింది అంటే అది దీనికి. ఆ పేజీని ముట్టుకున్న వేళ్లను వెళ్లి సబ్బుతో కడుక్కున్నాను.

ఆ వారమే అమ్మాయి ఫోను చేసింది. "సార్, నేను 'కనబడలేదు' అనే రాసిచ్చిన. వాళ్లు మార్చిన్రు. రిపోర్టుల నా పేరు తీసెయ్యుమన్న. నా సర్వే షీట్లు మీకు పంపుతున్న, దాచిపెట్టుండ్రి" అంది. ఆ ఉద్యోగం మానేసినట్టు చివరన, పక్క మాటలా చెప్పింది. ఆమె షీట్లు ముప్పయి రెండో పుస్తకంలో మొదటి పేజీలు. నా వాంగ్మూలాన్ని వక్రీకరించారని జిల్లా ఆఫీసుకు రెండు ఉత్తరాలు రాశాను. రెండింటికీ ముట్టినట్టు ముద్ర వేసి ఇచ్చారు. ఇంతవరకు వచ్చిన జవాబు ఆ ముద్రే.

ముప్పయి రెండో పుస్తకంలో రిమార్కుల గడి లేదు. దాన్ని తీసేసి, ఆ చోటంతా మామూలు వాటికి ఇచ్చాను. బొల్లికోడి, బుడుబుంగ, నల్ల కంకణాల కొంగ, కప్ప, తుంగ, జమ్ము. ఒక్కో దానికి ఒక్కో గడి. రోజూ ఉన్నా రాయాలి, రోజూ లేకపోయినా రాయాలి. మొదటి ఉదయం నేను తూము గట్టు మీద కూర్చుని నింపుతుంటే నీరటి నా భుజం మీద నుంచి తొంగి చూశాడు. కింద అతని ఎకరంలో కాలువకు గుర్తుగా సర్వే వాళ్లు పాతిన సున్నం పూసిన రాళ్లు తెల్లగా కనిపిస్తున్నాయి.

"ఇదేం రాసిన్రు?"

"బొల్లికోడి. లేదు."

"లేనిదాన్ని గూడ రాస్తరా సారు?"

"రాస్తా. రేపు ఎవడన్న తేదీ అడిగితే, ఈ దినంసంది నేను చూస్తున్న, లేదు అని చెప్పొచ్చు."

"సాక్షి ఎవరు మరి?"

"నువ్వే. సంతకం పెట్టు."

పెన్ను తీసుకుని, ఒక్కొక్క అక్షరం ఆగి ఆగి రాశాడు. రాసినదాన్ని దూరంగా పట్టుకుని చూసుకుని, పుస్తకం నాకు తిరిగి ఇవ్వకుండా ఒళ్లోనే పెట్టుకున్నాడు.

"గట్లనే నా ఎకరానికి గూడ ఒక గడి గీయండి సారు. అది గూడ మామూలుదే గదా" అన్నాడు.

జమ్ము పక్కన ఒక గడి గీశాను. ఆ రోజు తేదీకి ఎదురుగా 'ఉంది' అని రాశాను.